వికటకవిని ఒప్పుకోని కంప్యూటర్: తెలుగులో అక్షరం అంటే ఎంత?

ఈ ఎపిసోడ్‌లో స్ట్రింగ్స్ గురించి మాట్లాడుకుందాం. "స్ట్రింగ్స్ మాకు తెలుసు, మొదటి వారమే నేర్చుకున్నాం" అంటారా? నేనూ అలాగే అనుకున్నా. పన్నెండేళ్ళుగా కోడ్ రాస్తున్నా, అయినా ఐదో తరగతి పిల్లాడు అడిగిన ఒక్క ప్రశ్నకి దొరికిపోయా. ఆ కథతోనే మొదలుపెడతా.

మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు మా అక్క కొడుకు తెనాలి రామకృష్ణుడి పాఠం చదువుతున్నాడు. అందులో వికటకవి అనే మాట వచ్చింది. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉంటుంది కదా, వాడికి భలే నచ్చింది. "మావయ్యా, ఇలాంటి మాటలు కనిపెట్టే గేమ్ చెయ్యవా?" అన్నాడు. ఇదెంత పని అనుకున్నా. లాప్‌టాప్ తీసి పైథాన్‌లో మూడు లైన్లు రాశా. మాట తీసుకో, తిప్పు, రెండూ ఒకటేనా చూడు. పైథాన్‌లో తిప్పడం మీకు తెలుసు, స్క్వేర్ బ్రాకెట్లో రెండు కోలన్లు, మైనస్ 1. అంతే.

టెస్ట్ చేశా. నటన ఇచ్చా, అవును అంది. జలజ, అవును. సరస, అవును. కనక, అవును. లాప్‌టాప్ వాడి చేతికిచ్చి కాఫీ తాగడానికి వెళ్ళా. రెండు నిమిషాల్లో వచ్చేశాడు.

"మావయ్యా, నీ కంప్యూటర్‌కి తెలుగు రాదా? వికటకవి కాదంటోంది!"

వెళ్ళి చూశా. నిజమే. వికటకవి కాదంది. పులుపు కాదంది. కునుకు కాదంది. చివరికి టమాట కూడా కాదంది. ఏ మాట కోసం గేమ్ మొదలుపెట్టామో ఆ మాట దగ్గరే బోల్తా కొట్టింది. ఎందుకు? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ "ఎందుకు" గురించే.

కంప్యూటర్‌కి కనిపించేది అంకెలే

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ తెరిచి "స్త్రీ" అని టైప్ చేయండి. మనకి అది ఒక్క అక్షరం. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ ఒక్కోసారి నొక్కుతూ చెరపండి. చాలా కీబోర్డుల్లో ఒక్కసారికి పోదు. ముందు గుడిదీర్ఘం పోతుంది, తర్వాత రావత్తు విడిపోతుంది, అలా ముక్కముక్కగా ఊడుతుంది. లోపల నిజంగా ఉన్నవి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

ఈ ముక్కలన్నీ యూనికోడ్ లెక్క ప్రకారం ఉంటాయి. ప్రపంచంలో ప్రతి లిపిలోని ప్రతి గుర్తుకీ ఒక నంబర్ ఇవ్వాలన్నదే యూనికోడ్. మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, తెలుగు అప్పటి నుంచే అందులో ఉంది. మనకి ఇచ్చిన స్థలం 3072 నుంచి 3199 దాకా, అంటే 128 గడులు. క అంటే 3093. త అంటే 3108. గుడికి 3135, కొమ్ముకి 3137, పొల్లుకి 3149. ఇలా ఒక్కో గుర్తుకి ఉన్న నంబర్‌ని కోడ్ పాయింట్ అంటారు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, "వి" అనే అక్షరానికి విడిగా నంబర్ లేదు. వ ఒక నంబర్, దాని పక్కన గుడి ఇంకో నంబర్. తెలుగులో గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే వేలకొద్దీ అక్షరాలు. ఒక్కోదానికి ఒక్కో గడి ఇచ్చే బదులు ముక్కలకే నంబర్లిచ్చి, అతికించే పని ఫాంట్‌కి అప్పజెప్పారు. తెలివైన ఏర్పాటే. కానీ తెలుగు స్ట్రింగ్స్‌తో మనకొచ్చే తలనొప్పుల్లో చాలావరకు అక్కడే పుట్టాయి.

ఇప్పుడు వికటకవిని కంప్యూటర్ కళ్ళతో చూడండి. వ, గుడి, క, ట, క, వ, గుడి. మొత్తం ఏడు. తిప్పితే ఏమవుతుంది? గుడి, వ, క, ట, క, గుడి, వ. మొదట్లో గుడి ఏ అక్షరమూ లేకుండా గాల్లో వేలాడుతుంది. చివర్లో ఉండాల్సిన గుడి వెళ్ళి "క" మీద కూర్చుని "కి" అయింది. స్క్రీన్ మీద "వకటకివ" లాంటిది ఏదో కనిపిస్తుంది, ముందు ఒక చుక్కల సున్నాతో. అసలు మాటకీ దీనికీ పోలికే లేదు, అందుకే కాదంది. దాని లెక్క ప్రకారం అది కరెక్టే!

మరి నటన, జలజ, సరస, కనక ఎలా పాసయ్యాయి? వాటిలో గుణింతం లేదు, వత్తు లేదు. ఒక అక్షరానికి ఒకే నంబర్. నేను టెస్ట్‌కి ఎంచుకున్న మాటలన్నీ అదృష్టం కొద్దీ తేలికవి. టెస్టులన్నీ పాసయ్యాయి అంటే కోడ్ కరెక్ట్ అని కాదు, మనం ఎంచుకున్న ఉదాహరణలకి సరిపోయింది అని మాత్రమే. ఇది తెలుగుకే కాదు, ఏ కోడ్‌కైనా వర్తిస్తుంది, గుర్తుపెట్టుకోండి.

హిందీ తెలిసిన వాళ్ళకి ఒక సరదా విషయం చెప్పి ముందుకెళ్తా. హిందీ "క" నంబర్ 2325. మన "క" 3093. తేడా 768. హిందీ "న" తీసుకుని 768 కలపండి, తెలుగు "న" వస్తుంది. మన భారతీయ లిపులకి గడులు ఇచ్చినప్పుడు ఒకే వరుస పాటించారు కాబట్టి ఇలా కుదిరింది. హిందీ మాటలో ప్రతి నంబర్‌కీ 768 కలిపితే చాలావరకు తెలుగు లిపిలోకి వచ్చేస్తుంది. ఆదివారం సాయంత్రం చేసుకోవడానికి మంచి ప్రాజెక్ట్. హిందీలో పొల్లు రాయకుండానే "కమల్" అని పలుకుతారు, మనకి మాత్రం "కమల" అని వస్తుంది. ఆ ఒక్కటీ చూసుకోండి.

ఒకే మాట, మూడు పొడవులు

ఇప్పుడు అసలు ప్రశ్న. "తెలుగు" అనే మాట పొడవు ఎంత? మా మేనల్లుణ్ణి అడిగితే 3 అంటాడు. తె, లు, గు. ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లని అడిగితే?

పైథాన్‌లో లెన్ అడగండి, 6 అంటుంది. అది కోడ్ పాయింట్లు లెక్కపెడుతుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము.

జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడగండి, అదీ 6 అంటుంది. కానీ కారణం వేరు. అది 16 బిట్ల డబ్బాలు ఎన్ని అని లెక్కపెడుతుంది. తెలుగు ముక్క ఒక్కోటి ఒక డబ్బాలో పడుతుంది కాబట్టి జవాబు కలిసింది. తేడా తెలియాలంటే ఒక నవ్వు ఎమోజీ ఇచ్చి చూడండి. పైథాన్ 1 అంటుంది, జావాస్క్రిప్ట్ 2 అంటుంది.

గో, రస్ట్ లాంగ్వేజ్‌లలో లెన్ అడిగితే 18 అంటాయి. అవి బైట్లు లెక్కపెడతాయి. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకి 3 బైట్లు. ఆరు మూళ్ళు పద్దెనిమిది.

స్విఫ్ట్‌లో కౌంట్ అడిగితే 3 అంటుంది. అంటే మా మేనల్లుడూ స్విఫ్టూ ఒక పార్టీ.

ఒకే మాటకి 3, 6, 18. ఇందులో ఎవరు తప్పు? ఎవరూ కాదు. ఇంటి నుంచి బస్టాండ్ ఎంత దూరం అంటే ఒకరు కిలోమీటర్లలో, ఒకరు అడుగుల్లో, ఒకరు నిమిషాల్లో చెప్పినట్టు. కొలత వేరు, అంతే. మనం ఏం కొలుస్తున్నామో మనకే తెలియకపోతే అప్పుడు వస్తుంది చిక్కు.

లాంగ్వేజ్‌లు ఇలా ఎందుకున్నాయి?

దీని వెనక కొంచెం చరిత్ర ఉంది, త్వరగా చెప్పేస్తా.

మొదట్లో ఆస్కీ అని ఉండేది. 128 గుర్తులు. ఇంగ్లిష్‌కి అది చాలు. ఒక అక్షరం, ఒక నంబర్, ఒక బైట్. మూడూ ఒకటే కాబట్టి పొడవు ఎంత అంటే జవాబు ఒక్కటే ఉండేది. మనకి ఇప్పటికీ పుస్తకాల్లో స్ట్రింగ్ అంటే క్యారెక్టర్ల వరుస అని నేర్పుతున్నారంటే అది ఆ రోజుల అలవాటే.

తర్వాత యూనికోడ్ వచ్చింది. మొదట్లో 16 బిట్లు, అంటే 65,536 గడులు ప్రపంచం మొత్తానికి చాలనుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1995లో, జావా, జావాస్క్రిప్ట్ జనం ముందుకొచ్చాయి. అందుకే వాటి స్ట్రింగ్స్ 16 బిట్ల డబ్బాల మీద కట్టారు. ఆ మరుసటి ఏడాదే యూనికోడ్ ఆ హద్దు దాటింది. కానీ అప్పటికే రాసిన కోడ్ పాడవకూడదు కదా, అందుకే పాత లెక్క అలాగే ఉండిపోయింది. ఎమోజీ ఒక్కటి రెండు అయింది అందుకే.

ఇక యూటీఎఫ్-8. దీన్ని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో తయారుచేశారు. న్యూజెర్సీలో ఒక హోటల్లో రాత్రి భోజనం దగ్గర, ప్లేటు కింద వేసే కాగితం మీద డిజైన్ గీశారు. ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటే, మిగతావాటికి 2 నుంచి 4 దాకా. ఇవాళ మీరు ఫోన్‌లో చూసే ఇంటర్నెట్‌లో దాదాపు అంతా ఇదే. అదే రాబ్ పైక్, కెన్ థాంప్సన్ తర్వాత గో లాంగ్వేజ్ తయారీలోనూ ఉన్నారు. గో స్ట్రింగ్ యూటీఎఫ్-8 బైట్ల వరుసగా ఉండడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు ఒక మంచి ఫీచర్ చూద్దాం. రస్ట్‌లో "ఈ స్ట్రింగ్‌లో మొదటి అక్షరం ఇవ్వు" అని బ్రాకెట్లో 0 పెట్టి అడిగితే కోడ్ కంపైలే కాదు. స్విఫ్ట్ కూడా అలా నంబర్ పెట్టి అడగనివ్వదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు విసుక్కుంటారు, "ఇంత చిన్న పనికి ఇంత గొడవా?" అని. కానీ ఆలోచించండి, అది మనల్ని ఎదురు ప్రశ్న అడుగుతోంది: "మొదటి ఏంటి? బైటా? కోడ్ పాయింటా? అక్షరమా?" పైథాన్ అడగకుండా ఇచ్చేసింది, నేను మేనల్లుడి ముందు పరువు పోగొట్టుకున్నా. రస్ట్ ముందే ఆపేది.

ఇది ఆటలో తప్పు మాత్రమే కాదు

సరే, గేమ్‌లో తప్పొస్తే నవ్వుకుంటాం. కానీ నాకు ఇదే తప్పు ఇంకోసారి, నవ్వు రాని చోట జరిగింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్కూల్ ఫంక్షన్‌కి సర్టిఫికెట్లు ప్రింట్ చేసే ప్రోగ్రామ్ రాసిచ్చా. ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి. పేరు గడి చిన్నది, అందుకని 10 దాటితే కత్తిరించమని కోడ్‌లో పెట్టా. తెలుగు పేర్లలో పది అక్షరాలు దాటేవి ఎన్ని ఉంటాయిలే అనుకున్నా.

శ్రీలక్ష్మి అనే పేరు తీసుకోండి. మనకి మూడే అక్షరాలు: శ్రీ, ల, క్ష్మి. ఇప్పుడు ముక్కలు లెక్కపెట్టండి. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. నాలుగు. ల. ఐదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం పదకొండు! పది దగ్గర కత్తిరిస్తే చివరి గుడి పోతుంది. సర్టిఫికెట్ మీద "శ్రీలక్ష్మ" అని పడుతుంది. మూడక్షరాల పేరుకి పది అక్షరాల గడి చాలలేదు!

ఇలాంటివే కొన్ని పేర్లు ఆ రోజు తెగిపోయాయి. నేను చూసుకోలేదు. స్టేజి మీద సర్టిఫికెట్ తీసుకున్న ఒక పాప వాళ్ళ నాన్న తర్వాత నా దగ్గరికొచ్చి, కోపంగా కాదు, చాలా మెల్లగా అన్నారు: "బాబూ, మా అమ్మాయి పేరు ఇది కాదు." అంతే. మళ్ళీ ప్రింట్ చేసిచ్చా అనుకోండి. కానీ ఆ పాప స్టేజి మీద ఫోటో దిగింది ఆ తప్పు పేరుతోనే కదా. అది మళ్ళీ ప్రింట్ చేయలేం.

ఇక నేను 10 కోడ్ పాయింట్ల బదులు 10 బైట్ల దగ్గర కోసి ఉంటే ఇంకా ఘోరం. ఒక్కో ముక్కకి 3 బైట్లు కాబట్టి మూడు ముక్కలు పూర్తిగా, నాలుగోది మూడో వంతు మాత్రమే మిగిలేది. "శ్ర" తర్వాత నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం పడేది. మీరు ఎప్పుడైనా ఏదో ఒక యాప్‌లో అది చూసే ఉంటారు. ఎవరో బైట్ల మధ్యలో కోశారన్నమాట. రస్ట్‌లో అలా మధ్యలో కోస్తే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కఠినంగా ఉన్నా తప్పు పేరు ప్రింట్ చేయడం కంటే ఆగడమే నయం.

ఎస్సెమ్మెస్‌లో కూడా ఇదే కథ. ఒక మెసేజ్‌లో ఉండేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. తెలుగు ముక్కకి అక్కడ 16 బిట్లు, కాబట్టి 70 మాత్రమే. మన భాషలో చెప్పాలంటే ఖాళీ వదలకుండా రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో పదిమంది వికటకవులు పడతారు. శ్రీలక్ష్ములైతే ఆరుగురే.

వత్తు దగ్గర ఇంకో మెలిక

మళ్ళీ గేమ్ దగ్గరికొద్దాం. మనిషి ఒకటిగా చూసే ముక్కల గుంపుకి యూనికోడ్‌లో గ్రాఫీమ్ క్లస్టర్ అని పేరు. స్విఫ్ట్ లెక్కపెట్టేది దాన్నే. జావాస్క్రిప్ట్‌లో కూడా ఇంట్ల్ డాట్ సెగ్మెంటర్ అని ఒకటుంది, కొత్త బ్రౌజర్లన్నిట్లో దొరుకుతుంది. "గ్రాఫీమ్‌లుగా విడగొట్టు" అంటే విడగొట్టి ఇస్తుంది. నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్న ఫ్యామిలీ ఎమోజీ ఉంది కదా, అది లోపల 7 కోడ్ పాయింట్లు, 25 బైట్లు. దాన్ని కూడా ఇది ఒక్కటిగానే లెక్కపెడుతుంది.

ఇది వాడితే వికటకవి పాసయింది. పులుపు, కునుకు, టమాట అన్నీ పాస్. హమ్మయ్య అనుకున్నా. వాడు ఊరుకుంటాడా? "మావయ్యా, ముత్యము పెట్టు" అన్నాడు.

ము, త్య, ము. ఎటు చదివినా అదే. కానీ పాత నియమాల ప్రకారం యూనికోడ్ పొల్లు దగ్గర ఆగిపోయి, తర్వాతి హల్లుని వేరే గుంపుగా చూసేది. అంటే ము, త్, య, ము. నాలుగు. తిప్పితే ము, య, త్, ము. ఫెయిల్! స్త్రీ అంటే మూడు గుంపులు అనేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో దీన్ని సరిచేశారు. తెలుగు, హిందీ వాడే దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో వత్తుతో కలిసిన అక్షరాన్ని ఇక విడగొట్టకూడదు అని కొత్త నియమం పెట్టారు. కాబట్టి మీ ఫోన్‌లో బ్రౌజర్ కొత్తదైతే ముత్యము పాస్, పాతదైతే ఫెయిల్. ఒకే కోడ్, రెండు ఫోన్లలో రెండు జవాబులు!

అందుకని నేనే ఒక చిన్న ఫంక్షన్ రాసుకున్నా. పది లైన్లే. నియమం మాటల్లో చెప్తా, మీకు వచ్చిన లాంగ్వేజ్‌లో రాసుకోండి.

స్ట్రింగ్‌లో ఒక్కో కోడ్ పాయింట్ తీసుకోండి. దాని నంబర్ 3077 నుంచి 3129 మధ్యలో ఉంటే అది అచ్చో హల్లో. అలాంటిది వచ్చినప్పుడు, దాని ముందున్నది పొల్లు కాకపోతే కొత్త అక్షరం మొదలుపెట్టండి. ముందున్నది పొల్లు అయితే పాత అక్షరానికే అతికించండి, ఎందుకంటే అది వత్తు. ఇక గుణింతం గుర్తు, సున్నా, విసర్గ, పొల్లు, ఏదొచ్చినా పాత అక్షరానికే అతికించండి. అయిపోయింది.

స్త్రీ ఇవ్వండి, 1 వస్తుంది. శ్రీలక్ష్మి 3. ముత్యము 3. ఫోన్ ఇస్తే ఫో, న్ అని 2 వస్తుంది. ఇక్కడ మీ తెలుగు మాస్టారు ఒప్పుకోకపోవచ్చు. ఛందస్సులో పొల్లుని ముందు అక్షరంతోనే కలిపి గురువు అంటారు కదా. పద్యం గణాలు లెక్కపెట్టే యాప్ చేస్తుంటే మీ నియమం అలా మార్చుకోవాలి. గేమ్‌కైతే న్‌ని విడిగా గడిలో పెట్టడమే బాగుంటుంది. కొలత పనిని బట్టి ఉంటుందని ఇందాక చెప్పింది ఇదే.

కనిపించని అక్షరం

ఇంకో వింత చెప్తా. ఈ రెండు మాటలు చూడండి: ఫోన్‌లో, ఫోన్లో. మొదటి దాంట్లో న్ విడిగా ఉంది, రెండో దాంట్లో లావత్తు పడింది. తేడా ఏంటంటే మొదటి దాంట్లో న్, ల మధ్య ఒక కనిపించని అక్షరం ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, నంబర్ 8204. వెడల్పు సున్నా. దాని పని ఒక్కటే, "ఈ రెండింటినీ కలపొద్దు" అని చెప్పడం. సాఫ్ట్‌వేర్ అని రాసినప్పుడు ట్ కింద వావత్తు పడకుండా ఆపేది ఇదే.

మంచిదే, కానీ ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా రాస్తే కంప్యూటర్‌కి అవి రెండు వేరు మాటలు. సెర్చ్‌లో ఒకటి వెతికితే ఇంకోటి దొరక్కపోవచ్చు. అందుకే వెతికే ముందు రెండు వైపులా ఆ 8204ని తీసేసి పోల్చడం మంచి అలవాటు.

ఈ కనిపించని అక్షరం ఒకసారి ప్రపంచం మొత్తానికి తెలిసిపోయింది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే మన అక్షరం ఐఫోన్లని కూల్చేసింది, గుర్తుందా? మామూలుగా టైప్ చేసే జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ కనిపించని 8204, ఆపైన దీర్ఘం. ఈ వరుసని తెర మీద గీయబోయి ఆ మెసేజ్ చూపిస్తున్న యాప్ క్రాష్ అయ్యేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే ఇబ్బంది పడేది. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఈ తప్పుని ఆపిల్ ఆ నెల 19న 11.2.6తో సరిచేసింది. అప్పుడు అందరూ "తెలుగు అక్షరం ఫోన్ పాడుచేసింది" అని జోకులేశారు. నిజానికి అక్షరం తప్పేమీ లేదు. నంబర్లని బొమ్మలుగా మార్చే కోడ్‌లో ఉంది తప్పు. ఈ వరుస ఎవరూ టెస్ట్ చేసి ఉండరు. నేను నటన, జలజ మాత్రమే టెస్ట్ చేసినట్టే!

వంటింట్లో వికటకవి

నంబర్లని బొమ్మలుగా మార్చడం అన్నా కదా, దాన్ని షేపింగ్ అంటారు. త, పొల్లు, య అనే మూడు నంబర్లు చూసి "త్య" అనే బొమ్మ గీయాలి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్. అది లేకపోతే ఏమవుతుందో నాకు హాబీ ప్రాజెక్ట్‌లో అర్థమైంది.

గేమ్ బాగా వచ్చాక అక్క అంది: "వీడు ఫోన్ వదలట్లేదు. ఈ మాటలేవో ఫోన్ లేకుండా చూపించరా." సరే అని ఈఎస్‌పి32 బోర్డ్ ఒకటి, చిన్న ఓలెడ్ డిస్‌ప్లే ఒకటి తీసుకున్నా. రెండూ కలిపి కొన్ని వందల్లో అయిపోతుంది. డిస్‌ప్లేకి అడ్డం 128 చుక్కలు, నిలువు 64. నాలుగు వైర్లు కలపాలి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. రోజుకో మాట చూపించాలి, ఫ్రిజ్ మీద పెట్టాలి. ప్లాన్ అది.

ఇంగ్లిష్ మాట పంపా, చక్కగా వచ్చింది. తెలుగు ఫాంట్ ఎక్కించి "వికటకవి" పంపా. వ పక్కన గుడి విడిగా, క, ట, క, మళ్ళీ వ, దాని పక్కన గుడి. విరిగిపోయిన బొమ్మ లాగా ఉంది. అలాంటి చిన్న లైబ్రరీలు ఒక నంబర్‌కి ఒక బొమ్మ చొప్పున వరుసగా పేర్చుకుంటూ పోతాయి. షేపింగ్ తెలియదు.

బోర్డ్ మీదే షేపింగ్ చేయించాలని రెండు రాత్రులు కుస్తీ పట్టా. తర్వాత బుద్ధొచ్చింది. రోజుకి ఒక్క మాటే కదా! లాప్‌టాప్‌లో పైథాన్ పిల్లో లైబ్రరీతో మాటని బొమ్మగా గీయించా. పిల్లోలో రక్మ్ అనే లేఅవుట్ ఆన్ చేస్తే వెనక హార్ఫ్‌బజ్ పనిచేస్తుంది. ఫాంట్‌కి నోటో సాన్స్ తెలుగు లేదా మండలి, రెండూ ఫ్రీ. 128 ఇంటూ 64 అంటే 8192 చుక్కలు, చుక్కకి ఒక బిట్, మొత్తం 1024 బైట్లు. ఏడాదికి సరిపడా 365 మాటలు కలిపినా 4 ఎంబీ ఫ్లాష్‌లో పదో వంతు కూడా కాదు. బోర్డ్‌కి తెలుగు రానక్కర్లేదు, బొమ్మ చూపించడం వస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. తెలుగుకి నిలువు స్థలం ఎక్కువ కావాలి. పైన గుడి, కింద వత్తు. అక్షరాలు మరీ చిన్నవి చేస్తే వత్తులు ముద్దయిపోతాయి. అందుకే ఒక తెర మీద ఒకే పెద్ద మాట పెట్టా. ఇప్పుడు అది వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది

స్టోరేజ్ ఎంత పడుతుంది, నెట్‌లో ఎంత పంపాలి అన్నప్పుడు బైట్లు లెక్కపెట్టండి. మనిషి కంటికి కనిపించేది, అంటే తిప్పడం, కత్తిరించడం, "ఇన్ని అక్షరాలే" అని హద్దు పెట్టడం, ఇవన్నీ అక్షరాల్లో లెక్కపెట్టండి. కోడ్ పాయింట్లు ఈ రెండింటికీ మధ్యలో వాడే పనిముట్టు మాత్రమే. పేర్లని అసలు కత్తిరించకపోతే ఇంకా మంచిది. గడి చాలకపోతే అక్షరాల సైజు తగ్గించండి.

టెస్ట్ చేసేటప్పుడు నాలుగు మాటలు పెట్టుకోండి: వికటకవి, ముత్యము, శ్రీలక్ష్మి, సాఫ్ట్‌వేర్. ఒకటి గుణింతాన్ని, ఒకటి వత్తుని, ఒకటి పొడవుని, ఒకటి కనిపించని అక్షరాన్ని పరీక్షిస్తాయి. ఈ నాలుగూ దాటితే మీ కోడ్‌కి తెలుగు కొంచెం వచ్చినట్టే.

తెలుగు చదవని డెవలపర్ ఈ తప్పు చేస్తే వాళ్ళకి కనిపించదు. తెగిన పేరు, తెగని పేరు వాళ్ళకి ఒకేలా ఉంటాయి. కనిపించేది మనకే. కాబట్టి చూసి చెప్పాల్సింది, సరిచేయాల్సింది కూడా మనమే.

ఇక మీకు హోంవర్క్. నేను చెప్పిన నియమంతో ఫంక్షన్ రాసి, "నందనం" ఇచ్చి చూడండి. పాసవ్వాలి. పాసవకపోతే సున్నాని ఎక్కడ అతికించారో చూసుకోండి. ఎటు చదివినా ఒకేలా ఉండే మాటలు మీకు ఇంకేమైనా తెలిస్తే కింద రాయండి. ఫ్రిజ్ మీది బోర్డ్‌కి ఇంకా మాటలు కావాలి. మా వాడు రోజూ పొద్దున్నే లేచి, అది సరిగ్గా తిరిగిందా లేదా అని నన్ను చెక్ చేస్తున్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో తెలుగు మాటల్ని అకారాది క్రమంలో పేర్చడం ఎలాగో చూద్దాం. అక్కడ కూడా ఒక తమాషా ఉంది. అప్పటిదాకా సెలవు, ఉంటా మరి.